మందంతా ఒక్క వేలిముద్ర మీద

అరుణజ్యోతి కళ్ళు తెరిచి నిద్రపోతుందని చిన్నప్పుడే పేరు పడిపోయింది. గొర్రెల వెంట పంపితే ఏ రాతిగుండు మీదో ఎక్కి కూచుని, ముదిగుబ్బ మీదుగా పోయే మబ్బుల నీడలు ఎర్రనేల మీద పాకుతుంటే వాటినే చూస్తూ ఉండిపోయేది. ఆ మబ్బులు ఇక్కడ కురిసే రకం కావు. వాటికెప్పుడూ వేరే ఊళ్ళలో పని ఉంటుంది. ఈలోగా గొర్రెలు ఎవరి శెనక్కాయ చేలోనో పడి కడుపునిండా మేసేవి. ఆ చేను రైతు తిట్టుకుంటూ వచ్చేవాడు. ఆ తిట్లన్నీ నాయన మారెప్ప తనే పడేవాడు గానీ కూతుర్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. “అది కలగంటాంది లేప్పా, నేను జూసుకుంటా” అని మందను మళ్ళించుకు పోయేవాడు.

అలాంటి పిల్లకు ఏం పని వస్తుందిలే అనుకున్నారు అందరూ. ఆమె అనంతపురం పోయి డిగ్రీ చదివి వచ్చింది. ఆ చదువులో ఆమె పోట్లాడిందల్లా బస్సులో కిటికీ పక్క సీటు కోసమే. పెళ్ళయినా ఊరు దాటలేదు. భర్త సురేంద్ర గుట్ట మీది గాలిమరల దగ్గర కాపలా ఉంటాడు. పొద్దున్నే అతనికి సద్ది కట్టి పంపి, ఆమె ముదిగుబ్బలోని కాపరుల సంఘానికి పోతుంది. రెండు గదుల రేకుల కొంప అది. ఎండాకాలం లోపల కూచుంటే మెదడు ఉడికిపోతుంది. అక్కడ గొర్రెల లెక్క చూసే ఉద్యోగం ఆమెది.

లెక్క అంటే పుస్తకంలో రాసేది కాదు, బ్లాక్‌చెయిన్ మీద ఉండేది. ఆ మాటకు బెదిరిపోనక్కర్లేదు. ఒక మనిషి దగ్గరో, ఒక ఆఫీసు బీరువాలోనో కాకుండా ఎక్కడెక్కడి కంప్యూటర్ల మీదో ఒకే లెక్క ఉంటుంది. ఒకసారి ఎక్కిన గీతను తర్వాత ఎవరూ చెరపలేరు. ఏ గొర్రెకు సొంతదారు ఎవరు, మేపే కాపరి ఎవరు, టీకా పడిందా, బీమా ఎవరి పేరున ఉంది, అన్నీ దాని చెవిబిళ్ళ నంబరు కింద కనిపిస్తాయి. ఏది మార్చాలన్నా ఆ మనిషి తన తాళం కార్డును ఫోనుకు తాకించి వేలిముద్ర వెయ్యాలి. అదే సంతకం.

ఈ మధ్య ఆ ఫోనులోకి ఒక ఏజెంటు వచ్చింది. కృత్రిమ మేధతో నడిచే సహాయకి. మనకు కావలసింది తెలుగులో చెబితే చాలు, చెయ్యాల్సిన పనులన్నీ అదే విడమర్చుకుని, వరస పెట్టి, ఒకే లావాదేవీగా మూట కట్టి సంతకానికి తెచ్చి పెడుతుంది. సంతకం మాత్రం మనిషే పెట్టాలి. ఈ సంగతి చెప్పినప్పుడు మారెప్ప మొహం చిట్లించాడు. ఆయన ఎరిగిన ఏజెంట్లు గొర్రెల సంతలో ఉంటారు. టవల్ కింద చెయ్యి దూర్చి, వేళ్ళు నొక్కి, పక్కవాడికి తెలియకుండా బేరం ముగిస్తారు.

“ఈడు గూడా టవల్ కింద చెయ్యి పెడ్తాడా?” అని అడిగాడు.

“ఈడికి చేతులే లేవు నాయనా.”

“అయితే మేలే,” అన్నాడు మారెప్ప.

అరుణజ్యోతి మాత్రం దానితో బాగానే కలిసిపోయింది, ఒక్క విషయంలో తప్ప. కాపరులు మందను నోటితో లెక్కపెట్టరు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి కంటితోనే చూసుకుంటారు. ఎన్ని ఉన్నాయప్పా అని ఎవరైనా అడిగితే “ఉండాయిలే” అంటారు. పైకి లెక్కపెడితే మంద తరిగిపోతుందని వాళ్ళ భయం. డిగ్రీ చదివింది కాబట్టి అరుణజ్యోతి ఇవన్నీ నమ్మదని మీరనుకుంటే పొరపాటే, పూర్తిగా నమ్ముతుంది. ఏజెంటుదేమో దేనికైనా సంఖ్య చెప్పి తీరే స్వభావం. దానికి నచ్చజెప్పి, నచ్చజెప్పి, సంఖ్య బదులు ‘మందంతా’ అనడం అలవాటు చేసేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

పోయిన ఎండాకాలం మారెప్ప మందతో పోతూ పోతూ ఎండిన వంకలో పడిపోయాడు. ఎండదెబ్బ. లేపడానికి మనిషి లేడు. గొర్రెలు ఆయన చుట్టూ చేరి, తలలు వంచుకుని, కదలకుండా నిలబడిపోయాయి. గాలిమర ఎక్కి పని చేస్తున్నవాళ్ళు పైనుంచి చూసి, ఈ మందేమిటి మేయకుండా ఇట్లా నిలబడిందని దిగి వచ్చారు గనక బతికాడు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే కర్ర పట్టుకుని లేచాడు. అరుణజ్యోతికి ఆ రోజు నుంచి మధ్యాహ్నపు ఎండ అంటే వణుకు. సంఘంలో కూచున్నా చెవి ఫోను మీదే ఉండేది. మంద ఉన్నంతకాలం నాయన నడుస్తాడు. నడిస్తే ఏదో ఒక వంకలో పోతాడు. ఇందులో దాచిపెట్టుకోవాల్సిందేమీ లేదు, ఆమెకు నాయన కావాలి.

“మందను ఎవరికన్నా ఇచ్చేయి నాయనా,” అని అడుగుతూనే ఉంది. పీర్ల పండగ దాకా ఆయన పలకలేదు. ఆ తర్వాత ఒక రోజు సద్దరొట్టె తింటూ, రాప్తాడు దిక్కున పాపన్న అని ఒక పిల్లోడుండాడు, గొర్రె మనసు తెలిసినోడు, వానికిస్తా అన్నాడు. అని, రొట్టె పక్కన పెట్టి ఇంకో మాట చెప్పాడు.

“పోతే అన్నీ పోవాల. లేకుంటే ఒక్కటీ పోగూడదు. ముసిలియి, కుంటియి, కండ్లు గానరానియి, అన్నీ.”

ఆ మాట వెనక ఓబుళేసు మంద ఉంది. ఓబుళేసు పక్క ఊరి కాపరి. ఏజెంటు రాకముందు తన మందను అన్న కొడుక్కి రాసిచ్చాడు. అప్పుడు ఒక్కొక్క గొర్రెకూ ఒక్కొక్క సంతకం. సగం గొర్రెల పేర్లు మారాక కరెంటు పోయింది, సిగ్నలూ పోయింది. అది తిరిగి వచ్చేలోపల ఇంట్లో ఇంకెవరికో మనసు మారింది. మంచివన్నీ ఒక వైపు, పనికిరానివన్నీ ఒక వైపు మిగిలాయి. దొడ్డి మధ్యలో కంప నాటి రెండు చేశారు. తల్లులు ఇటు, పిల్లలు అటు. ఆ పూట దారిన పోతూ మారెప్ప ఆ అరుపులు విన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

“మూట కడితే అట్ల గాదు నాయనా,” అని అరుణజ్యోతి నచ్చజెప్పింది. “మూటలో ఒక్కటి ఆడకపోయినా మొత్తం వెనక్కొస్తాది. సగంలో నిలబడేది లేదు. నువ్వు చెప్పినట్లే, అన్నీ పోతాయి, లేకుంటే ఏదీ పోదు.”

“ఆ మిషన్‌కి నా మాట తెలిసిందే,” అని మారెప్ప కొంచెం మెత్తబడ్డాడు.

అనుకున్న రోజు పొద్దున్నే పాపన్న భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మెత్తని మనిషి. వచ్చీ రాగానే మనుషుల్ని పలకరించకుండా దొడ్డిలోకి పోయి గొర్రెల మధ్య కూచున్నాడు. అవి వాసన చూశాయి, తుమ్మాయి, మళ్ళీ నెమరు వేశాయి. అది చూసి అరుణజ్యోతి గుండె కుదుటపడింది.

దొడ్డి గోడ నీడలో చాప పరిచి ఫోను పెట్టుకుంది. మందంతా నాయన పేరు నుంచి పాపన్న పేరుకు పోవాలి. కాపరి పేరూ మారాలి. బీమా వెంట పోవాలి. రాబోయే వారం రైతుల చేలల్లో మంద కట్టి ఎరువు వేయిస్తామని నాయన ఇచ్చిన మాటలు కూడా పాపన్న మీదికి పోవాలి. ఇవన్నీ ఒక్క మూటగా కట్టమని ఆమె ఏజెంటుకు చెప్పింది. గాలి లేదు. గుట్ట మీద మరల రెక్కలు కదిలీ కదలనట్టు తిరుగుతున్నాయి. ఇంత మందా, ఇన్నేళ్ళ నడకా ఆ చిన్న అద్దం వెనక ఎక్కడో సర్దుకుంటోందనుకుంటే ఆమెకు నిద్రలాంటిది కమ్మింది. చిన్నప్పటి గుండు మీద కూచున్నట్టే ఉంది. మబ్బు నీడ ఒకటి దొడ్డి మీదుగా పోయింది. గొర్రెల వీపులు నల్లబడి, మళ్ళీ తెల్లబడ్డాయి.

“సంతకానికి ముందు ఉత్తుత్తిగా ఒకసారి నడిపి చూశాను,” అంది ఏజెంటు. “ఒక పొట్టేలు దగ్గర ఆగిపోయింది. దాని సొంతదారు మారెప్ప గారు కాదు, సుంకులమ్మ గారు. ఆమె తన కార్డు తాకించాలి.”

పాపన్న దొడ్డిలోంచి తల ఎత్తాడు. “ఎవురామె? పిలిపీండి, వస్తాది గదా.”

మారెప్ప తూర్పు దిక్కు చెయ్యి చూపించాడు. అక్కడ చేల మధ్య సున్నం కొట్టిన అరుగు మీద, పసుపు మెత్తిన రాయిగా సుంకులమ్మ కూచుని ఉంది. ఎవరు పిలిచినా వచ్చే మనిషి కాదు.

ఆ పొట్టేలు కథ ఊరందరికీ తెలుసు. గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చిన ఏడాది మందలో చాలా పోయాయి. తల్లి పోయిన ఈ ఒక్క పిల్లను మారెప్ప అరుగు మీద పడుకోబెట్టి, బతికితే నీదేనమ్మా అన్నాడు. బతికింది. కోయడానికి కాదు, అమ్మ పేరున ఉత్తగా విడిచిన పొట్టేలది. గొర్రెలకు చెవిబిళ్ళలు వేసి పేర్లు ఎక్కించేటప్పుడు, అది నాది కాదు, అమ్మ పేరుతో రాయండి అని ఆయన పట్టుబట్టాడు. సంఘం పెద్దలు నవ్వుకుని సరేనన్నారు. సుంకులమ్మ పేరుతో, వేలిముద్ర అక్కర్లేని ఒక తాళం కార్డు కూడా వచ్చింది.

“ఆ కార్డు యాడుండాది నాయనా?” అంది అరుణజ్యోతి. ఇంట్లో గూట్లో ఉంటుంది, తెచ్చి తాకిస్తే అయిపోతుందనుకుంది.

“ఆయమ్మ కాడే ఉండాది.”

“ఆయమ్మ కాడ అంటే?”

“నువ్వే గదా చెప్తివి, కార్డు సొంతదారు కాడ తప్ప ఇంకొకరి కాడ ఉండగూడదని. అరుగు కొత్తగా కట్టించినప్పుడు పసుపు కుంకుమ పెట్టి అమ్మ కింద పెట్టిచ్చినా. మీద సిమెంటు గూడా ఏసినారు.”

అరుణజ్యోతి నుదురు కొట్టుకుంది. నిజమే, తనే చెప్పింది. సంఘానికి వచ్చిన ప్రతి కాపరికీ అదే చెప్పింది. కార్డును కోడలికిచ్చినవాళ్ళు, సంతలో పోగొట్టుకున్నవాళ్ళు, బీడీకట్టలో పెట్టి నానబెట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. చెప్పింది చెప్పినట్టు పాటించిన మనిషి తన నాయన ఒక్కడే.

మారెప్ప లేచాడు. కర్ర అందుకున్నాడు. ఆయన మొహంలో బాధ లేదు. అది చూసే ఆమెకు భయం వేసింది.

“అమ్మ సంతకం పెట్లేదంటే ఇష్టం లేదని గదా. పాపన్నా, ఏమనుకోవద్దు. మంద నా కాడ్నే ఉంటాది.”

పాపన్న మొహం వాడిపోయింది, కానీ ఎదురు మాట్లాడలేదు. దేవతతో ఏం వాదిస్తాడు? మారెప్ప దొడ్డి తలుపు వైపు నడుస్తున్నాడు. బయట ఎండ అప్పుడే తెల్లగా మండుతోంది. ఏజెంటు తన మానాన తను చెబుతోంది: “ఆ పొట్టేలును మూటలోంచి తీసేస్తే మిగిలిన మందంతా ఇప్పుడే పోతుంది. తీసెయ్యమంటారా?”

తీసెయ్యవచ్చు. నాయనకు చదువు రాదు. అమ్మ ఒప్పుకుందని చెప్పి వేలు పెట్టించవచ్చు. రేపటి నుంచి ఆయన నీడ పట్టున ఉంటాడు. అరుణజ్యోతి ఆ అద్దం వంక చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె గొర్రెల్ని చేలల్లోకి వదిలేసిన ప్రతిసారీ తిట్లు తిన్న మనిషి అటు పోతున్నాడు. ఆయన్ని మోసం చేసి బతికించుకుంటే, ఆ తర్వాత ఆయన మొహం ఎట్లా చూడాలి? తియ్యొద్దని చెప్పింది.

కళ్ళు మూసుకుంది. గొర్రెలు నెమరు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులో కొంచెంసేపు అన్నీ కరిగిపోయాయి, సంఘం, సంతకం, అరుగు, సిమెంటు. ఒక్క నాయన నడక మిగిలింది. ముందు ఆయన, వెనక అవి. ఎన్నడూ ఇవి నావి అని ఆయన అన్నట్టు ఆమెకు గుర్తులేదు.

“నాయనా,” అని పిలిచింది. “ఆ పొట్టేలు ఎవురిది?”

“అమ్మది. చెప్తి గదా.”

“మరి దానికి నువ్వెవురు?”

మారెప్ప ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. “కాపలోణ్ణి. మేపుతాండా, అంతే.”

ఆమె నిటారుగా కూచుంది. సొంతదారు వేరు, కాపరి వేరు. లెక్కలో కూడా అవి వేరు వేరు గదులే. రోజూ చూసేదే, కంటి ముందున్నదే. “పొట్టేలు అమ్మదే నాయనా, అమ్మ పేరు మీదే ఉంటాది. దాన్ని మనం ముట్టేది లేదు. కాపలోడు మాత్రం మారతాడు. నువ్వు దిగుతావు, పాపన్న ఎక్కుతాడు. అది చేసే హక్కు నీకుండాది. అమ్మ సంతకం అక్కర్లేదు.”

“అమ్మనుంచి ఏమీ తీసుకోము గదా?”

“ఏమీ తీసుకోము.”

ఆయన చాలాసేపు తూర్పు వైపు చూశాడు. తర్వాత వచ్చి చాప మీద కూచున్నాడు. అరుణజ్యోతి మళ్ళీ మూట కట్టమంది. మిగిలినవన్నింటికీ సొంతదారూ కాపరీ ఇద్దరూ మారాలి, ఆ ఒక్కదానికి కాపరి మాత్రమే. ఏజెంటు మరోసారి ఉత్తుత్తిగా నడిపి చూసి, ఈసారి ఎక్కడా ఆగలేదని చెప్పింది. పాపన్న పైగుడ్డతో చేతులు తుడుచుకుని వచ్చి తన కార్డు తాకించి, వేలు పెట్టాడు. మారెప్ప తన కార్డు తాకించాడు. వేలు పెట్టే ముందు దొడ్డి వైపు ఒక్కసారి చూశాడు, అంతే. పెట్టాడు.

అద్దం మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది. ఎక్కడో, వీళ్ళెవరూ ఎన్నడూ చూడని ఊళ్ళలో, ఎవరివో కంప్యూటర్లు ముదిగుబ్బ గొర్రెల గురించి ఒక మాట మీదికి వస్తున్నాయి. అరుణజ్యోతికి అది తలుచుకుంటే ఎప్పుడూ ఒళ్ళు జలదరిస్తుంది.

“మందంతా చేరింది,” అంది ఏజెంటు.

మారెప్ప దొడ్డి వంక చూశాడు. గొర్రెలు ఎక్కడివక్కడే పడుకుని ఉన్నాయి.

“యాడికి చేరింది? ఈన్నే ఉండాయి గదా,” అన్నాడు. పాపన్న భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అరుణజ్యోతి కూడా నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆ మధ్యాహ్నం ఆమె నాయన పక్కన కూచుని కడుపునిండా అన్నం తింది.

చల్లపొద్దుకు మంద బయలుదేరింది. పాపన్న ముందు నడిచాడు, భార్య వెనక. మారెప్ప ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి దొడ్డి దాటించాడు. అవి బాట ఎక్కాయి. మలుపు దాకా బాగానే పోయాయి. అక్కడ పొట్టేలు ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసింది. దాని వెంట అన్నీ ఆగిపోయాయి.

పాపన్న పిలిచాడు. నాలుక మడిచి చప్పుడు చేశాడు. భార్య కొమ్మతో అదిలించింది. ఒక్కటి కదిలితే ఒట్టు. వాటి కాపరి మధ్యాహ్నమే మారిపోయాడు గానీ ఆ సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. కొన్ని ఇంటి వైపు తిరగడం మొదలుపెట్టాయి. కొన్ని పాపన్న దగ్గరే నిలబడ్డాయి. నేల మీద మంద రెండుగా చీలిపోతోంది. ఈ చీలికకు అరుణజ్యోతి దగ్గర ఏ మూటా లేదు. నాయనా, నువ్వన్నా చెప్పు వాటికి, అందామని పక్కకు చూస్తే మారెప్ప లేడు.

దొడ్డి వెనక దొరికాడు. గోడకు ఆనుకుని, బాట మీదికి కనిపించకుండా గొంతుక్కూచుని ఉన్నాడు. తలగుడ్డ విప్పి నోట్లో కుక్కుకున్నాడు. ఆయన కనిపిస్తే అవి వెనక్కి వస్తాయి. గొంతు వినిపిస్తే వస్తాయి. దగ్గినా వస్తాయి. అందుకని భుజాలు ఎగిరెగిరి పడుతుంటే చప్పుడు బయటికి రానీకుండా ఏడుస్తున్నాడు. ఆమె నోరు తెరవబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. ఆమె గొంతు కూడా వాటికి తెలుసు.

ఆమె తల వంచి ఆయన పక్కన కూచుంది. గోడ అవతల గొర్రెలు అరిచాయి, చాలాసేపు అరిచాయి. పొద్దు గుట్ట అంచుకు దిగింది. గాలిమరలు గాలి అందుకుని తిరగసాగాయి. అరుపులు ఒకటొకటిగా తగ్గాయి. అప్పుడు గిట్టల చప్పుడు మొదలైంది, ముందు కొంచెంగా, తర్వాత అంతా కలిసి. అది సన్నబడుతూ, సన్నబడుతూ పోయి వినిపించకుండా అయింది.

“అన్నీ పోయినాయా?” అన్నాడు మారెప్ప గుడ్డలోంచే.

ఆమె లేచి గోడ మీదుగా చూసింది. బాట మీద ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

“అన్నీ పోయినాయి నాయనా.”

“ఒక్కటీ నిలబడ్లేదు గదా?”

“ఒక్కటీ లేదు.”

ఆయన నోట్లోంచి గుడ్డ తీశాడు. అంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చి, గుక్క తిప్పుకోకుండా దగ్గాడు. అరుణజ్యోతి వీపు నిమురుతూ కూచుంది.